పిట్టకు పెట్టిన సామన్

నిన్న పొద్దుగాల దుకాణం షట్టర్ లేపిన్ననో లేదో రమేశ్ ఫోన్ చేసిండు. రమేశ్ అంటే మా మేనమామ కొడుకు, కామారెడ్డిలనే సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తడు. "అక్కా, బాపు పోయి యేడాది కావొచ్చింది. హైదరాబాద్‌ల సామన్ చెప్పిన. ఐసు డబ్బాల పెట్టి బస్సుకు ఏస్తరట. పోయినసారి లెక్కనే నువ్వే చెయ్యాలె," అన్నడు. సరే అన్న. సరే అనక ఏమంట? కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి కూసున్న గని చెయ్యి ఆడలే. ఒక్క జాకిటి పట్టుకొని, చంక కాడ రెండుసార్లు ఇప్పి మల్ల కుట్టిన.

సామన్ అంటే సాల్మన్. ఎక్కడో సల్లటి సముద్రంల దొరికే చేప. మా మామోళ్ల ఊరు ఎల్లారెడ్డికి ఏ సముద్రమూ దగ్గర లేదు గని, ఆ చేప పేరు మాత్రం మా ఇంటోళ్లల్ల ముసలోళ్లకు కూడ నోటికొస్తది. దానికి కారణం మా మేనమామ. ఆయన బహ్రెయిన్‌ల ఒక పెద్దింట్ల వంట చేసి చేసి వచ్చినోడు. పోయినోళ్లు బంగారం తెస్తరు, టీవీ తెస్తరు, మా తమ్ముడు చేప ముచ్చట తెచ్చిండు అని మా అమ్మ అనేది. అందుల అబద్ధం ఏం లేదు. దాంతోపాటు చేప కాల్చే ఒక నల్ల పెంక కూడ తెచ్చిండు, అంతే.

మనిషిని గురించి చెప్పాల్నంటే ముందుగాల తువ్వాల గురించి చెప్పాలె. తువ్వాల అందరి భుజం మీద ఉంటది. ఆయనది ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంటది. దాంతోని చెమట తుడుసుకోడు, ముక్కు తుడుసుకోడు. చెయ్యి కడుక్కున్నంక వేళ్ల కొసలు మాత్రం ఒత్తి మల్ల అదే మడతల భుజం మీదికి పెడతడు. వరి నాటుకు మడ్ల దిగినా గంతే. మోకాళ్ల దాక బురద, భుజం మీద తెల్లగ తువ్వాల. ఈయన నాటుకు వచ్చిండా, వడ్డనకు వచ్చిండా అని మా అత్త కూలోళ్లతోని అనేది. ఆయనకు ఇనబడేటట్టే అనేది. ఆయన ఇననట్టే ఉండేటోడు.

ఇగ ఆయన సిద్ధాంతం ఒక్కటే. పొద్దుమీకి బువ్వకు చేప అంటే పది నిమిషాల పని. బహ్రెయిన్‌ల బడి నుంచి పిల్లలొచ్చి, ఆఫీసు నుంచి సారొచ్చి, చేతులు కడుక్కునేలోపట చేప పళ్లెంల ఉండాలెనట. ఈడ మనం చింతపండు నానబెట్టి, పిసికి, మసలబెట్టి, అది చిక్కగయ్యేదాక పొయ్యి ముంగట కాపలా కూసుంటమట. గిట్ల కూసుండే మన దేశం ఎన్కకు పోయిందనేదాక పోయేటోడు. ఆ మాట మాతోని అనేటోడు గని చూపు అత్త దిక్కు ఉండేది. అత్త చింతపండు పిసుకుతనే ఉండేది.

పోచారం చెరువుల సామన్ దొరకది గనుక ఆయన బొచ్చె చేప తెచ్చేటోడు. సామన్‌ల ముండ్లు ఉండయట. బొచ్చెల ముండ్లు తప్ప ఏముంటయ్? అందుకని ఆయన ఒక చిన్న చిమ్టా కొన్నడు, వెంట్రుకలు పీకుతరు సూడు, అసొంటిది. అరుగు మీద కూసొని, కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఒక్కొక్క ముల్లు పీకి గిన్నెల ఏసేటోడు. పది నిమిషాల వంటకు ముండ్లు పీకుడుకే పొద్దంత పోయేది. ఆ సంగతి ఒకసారి నేను అడిగిన. ముండ్లు పీకుడు వంట కిందికి రాదని చెప్పిండు.

ముండ్లు తీసినంక ముక్కలకు తడి లేకుండ గుడ్డతోని ఒత్తుడు. పళ్లెంల కారం, జీలకర్ర పొడి, మిరియాల పొడి, ఎల్లిగడ్డ పొడి, ఉప్పు. ఆఖరుకు చిటికెడు చక్కెర. చక్కెర ఏసేటప్పుడు మాకు ఈపు మలిపి ఏసేటోడు. ఎందుకంటే మా అమ్మ ఒకసారి చూసింది. చేపకు చక్కెర ఏసినోడు రేపు చాయల ఉప్పేస్తడు అని బజారు ఇనంగ అన్నది. అప్పటికెల్లి చక్కెర డబ్బ మీద మూత గట్టిగ బిగిచ్చి అటకెక్కిచ్చిండు. మసాల పట్టిచ్చుడు కూడ పైపైన పూసుడు కాదు. పసిపిల్లకు నూనె రాసినట్టు మెల్లగ ఒత్తి ఒత్తి రుద్దేటోడు. నల్ల పెంక బాగ కాలినంక తోలు దిక్కు కిందికి పెట్టి చేతులు కట్టుకొని నిలబడేటోడు.

అప్పుడు ఎవ్వరు దగ్గరికి పోవద్దు. కదిలియ్యొద్దు, మలపొద్దు, గంటెతోని గెలకొద్దు. "ముట్టకుండ్రి. అయినంక అదే ఇడుస్తది," అనేటోడు. నిజంగనే కొద్దిసేపటికి తోలు పెంకను ఇడిసి ముక్క జర లేసేది. అప్పుడు ఒక్కసారే మలిపి, నిమ్మకాయ పిండి దించేటోడు.

ఆ మాట ఆయనకు అన్నిటికీ పనికొచ్చేది. రమేశ్‌కు జరమొస్తే అయినంక అదే ఇడుస్తది. ముసురు పట్టి బట్టలు ఆరకుంటే అదే ఇడుస్తది. నా మొగనికి గుట్క అలవాటైందని నేను ఏడిస్తే కూడ గదే చెప్పిండు. ఇప్పటిదాక ఇడువలే, అది వేరే సంగతి.

ఆయన వంట ఎట్లుండేదని మీరు అడుగుతరు. మంచిగనే ఉండేది. కాకపోతే మేము చేప అంటే పులుసు అనుకునేటోళ్లం. బువ్వల కలుపుకునేటందుకు ఏం లేకుంటే అది తినుడు ఎట్లయితది? అది చేపతోని పరాచికం ఆడినట్టయితది. అందుకే మిరుగు నాడు అందరం ఎల్లారెడ్డిల కలిసినప్పుడు ఇంట్ల రెండు చేపలు వండుడయ్యేది. మిరుగంటే మృగశిర కార్తె, ఆనాడు మా దిక్కు చేప తినకుండ ఎవ్వరుండరు. ముందటింట్ల మామ నల్ల పెంక. ఎనుక వాకిట్ల కట్టెల పొయ్యి మీద అత్త పులుసు. ముందుగాల ఆయన ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క, పక్కకు నిమ్మచెక్క పెట్టి ఇచ్చేటోడు. ఇచ్చి తను తినేటోడు కాదు. తువ్వాల సర్దుకొని గోడకు నిలబడి మా మొఖాలు చూసేటోడు. "ఎట్లున్నది?" అని వరుసగ అడిగేటోడు. మంచిగున్నది మామా అని వరుసగ చెప్పేటోళ్లం. ఆఖరుకు అత్త దిక్కు చూసేటోడు. నాకు పని ఉన్నది అని అత్త ఎనుకకు పోయేది. ఆయన జరసేపు చూసి, పెంక కడుగుతానికి పోయేటోడు. ఆయన అటు పోంగనే మేమందరం పళ్లాలు పట్టుకొని ఎనుక వాకిట్లకు ఉరికేటోళ్లం. ఆయనకు తెల్వదనుకునేటోళ్లం.

రమేశ్ పిల్లనిచ్చేటోళ్లు నస్రుల్లాబాద్ నుంచి మాట ముచ్చటకు వచ్చిననాడు కూడ ఆయన ఊకోలే. యాటకూర వండుదమని అందరం మొత్తుకున్నం. కూర ఎవలైన పెడతరు, ఇసొంటిది వాళ్లు జన్మల తిని ఉండరు అని ఆయన అన్నడు. చేప ముక్క, ఉడుకబెట్టిన బీన్సు, ఆలుగడ్డ పెట్టిండు. వియ్యపురాలు పళ్లెం దిక్కు చూసింది, మా దిక్కు చూసింది, మల్ల పళ్లెం దిక్కు చూసింది. కూర ఎనుక వస్తుందా అని మెల్లగ నన్ను అడిగింది. వియ్యంకుడు మాత్రం మర్యాదస్తుడు. బీన్సు మొత్తం తిని, మా ఇంట్ల కూడ ఎవరికన్న షుగర్ ఉంటే గిట్లనే పెడతం బావా అన్నడు. సంబంధం కుదిరింది. మామ అది చేప మహిమ అన్నడు. పిల్లకు రమేశ్ నచ్చిండని మేమనుకున్నం.

ఒకసారి దవాఖానల సూపిచ్చుకునేటందుకు కామారెడ్డి వచ్చి మా ఇంట్ల ఆగిండు. పెండ్లిళ్ల కాలం, నాకు దుకాణంల పని మస్తుగుండె. పొద్దుమీకంగ ఇంటికొచ్చి, సంచి కింద పెట్టకముందే పొయ్యి దిక్కు పోతుంటే నన్ను కుర్సీల కూసుండబెట్టిండు. ఫ్రిజ్జుల ఉన్న చేప ముక్కలు తీసి మసాల రుద్దుడు మొదలుపెట్టిండు. నా కుక్కర్‌ల బువ్వ అయ్యేలోపట ఆయన చేప అయింది. పిల్లలు తిన్నరు, మా ఆయన తిన్నడు, నేను తిన్న. ఆకలి మీదున్ననో, నాకోసం ఒకలు వండి పెట్టుడు శాన దినాలకు దొరికిందో, ఆనాడు మాత్రం నిజంగ రుచి అనిపిచ్చింది. "ఎట్లున్నది బిడ్డా?" అన్నడు. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. కారం ఎక్కువైందని చెప్పిన.

నువ్వు తినవా మామా అంటే, వండినోనికి వాసనకే కడుపు నిండుతది అన్నడు. మేము లేచినంక, మధ్యాహ్నం చారు ఉంటే ఇయ్యిమన్నడు. ఫ్రిజ్జుకు ఈపు ఆనిచ్చి కింద కూసొని, సల్లటి చింతపండు చారు బువ్వల పోసుకొని, గిన్నె కూడ వంచుకొని తాగిండు. దవాఖానోళ్లు ఏమన్న పథ్యం చెప్పిండ్రేమో అనుకున్న. ఆ ముచ్చట అక్కడ్నే మరిచిపోయిన.

నిరుడు వానకాలంల ఆయన పోయిండు. చేను కాడికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కొని, మంచంల ఒరిగిండు, మల్ల లేవలే. తువ్వాల భుజం మీదనే ఉన్నదట. ఎవ్వరిని కష్టపెట్టకుండ పోయిండని అందరన్నరు. అసలు కష్టం తర్వాత మొదలైంది.

మా దిక్కు మనిషి పోయిన మూడొద్దుల నాడు పిట్టకు పెడతరు. సచ్చిపోయినోళ్లకు ఏవి ఇష్టమో అవన్నీ వండి, కాష్ఠం కాడ ఆకుల పెట్టి అందరం దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టాలె. ముడితే ఆయన తృప్తిగ పోయినట్టు. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలినట్టు, ఇగ అది బతికున్నోళ్ల మెడకు. అందుకే ముందుగాల అందరు అడిగేది ఒక్కటే, ఆయనకు ఏమిష్టం?

మిగతా ఎవరికైన ఈ ప్రశ్నకు జవాబు ఎతుక్కోవాలె. మా మామకు ఎతుకుడేంది? అందరం ఒక్క నోటితోని సామన్ అన్నం. రమేశ్ అయితే పంతం పట్టిండు. బొచ్చె కాదు, అసలు సామనే పెట్టాలె, బాపు ఆడ తిన్నదే తినిపిచ్చి తోలిస్త అన్నడు. హైదరాబాద్ దోస్తుకు ఫోన్ చేసిండు. ఐసు డబ్బ బస్సుల కామారెడ్డికొచ్చింది. నేను దాన్ని ఒళ్లె పెట్టుకొని లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి పోయిన. పక్కకు కూసున్నామె డబ్బల ఏముందని అడిగింది. మా మామకు అని చెప్పిన.

పొద్దుమీకి నేను పోయేసరికి అత్త ఎనుక వాకిట్ల కట్టెల పొయ్యి ముంగట ఉన్నది. మైల ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు. పక్కింటోళ్లే బువ్వ తెచ్చి పెడుతుండ్రి. అసొంటిది అత్త గిన్నెల చెయ్యి పెట్టి చింతపండు పిసుకుతున్నది. ఏందత్తా ఇది అన్న. "నీ చేప నువ్వు సూసుకో పో," అన్నది. మనిషి దుఃఖంల ఉన్నది, అలవాటు చేతులకు పోలేదు అనుకొని నేను లోపలికి పోయిన.

తెల్లారి పక్కింటోళ్ల గ్యాస్ మీద, ఆయన నల్ల పెంకల, ఆయన చెప్పినట్టే చేసిన. డబ్బ ఇప్పంగనే అందరు చుట్టు చేరిండ్రు. ఇన్నేండ్లు ఇన్న చేపను మొదటిసారి చూసుడు. లోపల గాజర్ రంగుల ఉన్నది. ఇది చేపేనా అని మా అమ్మ అడిగింది. చక్కెర కూడ ఏసిన, ఈపు మలపకుండ ఏసిన.

కాష్ఠం మా చేను కాడనే. ఆడ ఇస్తర్ల గారెలు, యాటకూర, కల్లు, నడుమల సామన్, దాని మీద నిమ్మచెక్క. రమేశ్ దండం పెట్టి, బాపూ నీ సామన్ వచ్చింది అన్నడు. దూరం జరిగినం. కాకులు కరెంటు తీగ మీద ఉన్నయ్. ఒకటి దిగింది. ఇస్తరి చుట్టు తిరిగింది, సామన్ దిక్కు తల వంచి చూసింది, పోయి మల్ల తీగ మీద కూసున్నది. ఇంకోటి దిగింది, గది కూడ గట్లనే పోయింది. మా పెద్దబాపు ఊర్ల ఇసొంటి పనులకన్నిటికీ పెద్దమనిషి. మనసుల ఏదో ఉన్నది, మాటియ్యిండ్రి అన్నడు.

ఇగ అందరం మాటలిచ్చుడు మొదలుపెట్టినం. అమ్మను మంచిగ చూసుకుంట అని రమేశ్ అన్నడు. కాకి రాలే. చేను ఎవ్వరికి అమ్మను అన్నడు. రాలే. మా ఆయన ముందటికి పోయి గుట్క మానేస్త అన్నడు, కాకి ఎగిరి ఇంకో తీగ మీదికి పోయింది, అది కూడ నమ్మలేనట్టున్నది. మా అమ్మ ఏడ్సుకుంట, "తమ్మీ, చేపకు చక్కెర ఏసినవని నలుగురిల అన్న. తప్పయింది రా. ఏసుకో, నీకెంత కావాల్నో ఏసుకో," అన్నది. అప్పుడు కూడ రాలే. ఎండ ఎక్కుతున్నది. రమేశ్ మొఖం చూస్తే నాకే భయమైంది. సామన్ సరిగ్గ కాల్చలేదేమో, నా చేతులనే తప్పున్నదేమో అనుకున్న. బాపు కడుపు నిండకుండ పోతుండు అక్కా అని వాడు చిన్నపిల్లగాని లెక్క ఏడుస్తున్నడు.

అప్పుడు ఆడోళ్లల్లకెల్లి అత్త లేచింది. గాలికి ఇస్తరి లేస్తున్నది, రాయి పెట్టొస్త అన్నది. పడిపోతదేమో అని నేను చెయ్యి పట్టుకొని పోయిన. అందరికి ఈపు మలిపి కూసున్నది. కొంగు కిందికెల్లి చిన్న స్టీలు గిన్నె తీసింది. నిన్నటి పులుసు. బొచ్చె ముక్క, చిక్కటి చింతపండు రసం. గప్పుచుప్పుగ దాన్ని సామన్ మీద పోసింది, వేళ్లతోని నాలుగు మెతుకులు కలిపింది, నిమ్మచెక్క తీసి అవతల పడేసింది. ఇస్తరి కొసన రాయి పెట్టింది. "తిను," అన్నది. లేచి నా చెయ్యి పట్టుకున్నది.

మేము తిరిగి చెట్టు కిందికి రాకముందే కాకులు ఇస్తరి మీద పడ్డయ్. ఒకటి కాదు, తీగ మీద ఉన్నయన్నీ దిగినయ్. చూసిండ్రా, సామన్ కోసమే పానం కొట్టుకుంది అని పెద్దబాపు అన్నడు. రమేశ్ కండ్లు తుడుసుకొని అందరి దిక్కు చూసిండు. నేను చెప్పలేదా, బాపుకు అదంటే పానం అన్నడు.

ఇంటికి నడిసొస్తుంటే అత్త, నేను అందరికంటె ఎనుకబడ్డం. అత్తా, మామకు సామన్ ఇష్టం లేకుండెనా అని అడిగిన.

"ఏమో. తింటే గద తెలిసేది," అన్నది.

బహ్రెయిన్‌ల ఆ ఇంటోళ్లు తినంగ మిగిలింది తినమని మేడమ్ చెప్పేదట. ఈయన దాన్ని డ్రైవర్‌కు ఇచ్చి, తన గదిల చారు కాసుకొని తాగేటోడట. ఊరికొచ్చి పోయేటోళ్లు ఎవ్వరు కనబడ్డా వాళ్ల చేతికి చింతపండు పంపమని అత్తకు కబురు చేసేటోడు. సామన్ తినేటోనికి చింతపండు ఎందుకే అని అత్త నన్నే అడిగింది. ఈడికొచ్చినంక కూడ గంతే. మిరుగు నాడు మేమందరం తిని పండుకున్నంక, ఎనుక వాకిట్ల కూసొని అత్త పులుసు కుండ నాకినంత పని చేసేటోడట. మాకు ఇరవై ఏండ్లు కనబడలే. ఆయన నిలబడ్డది చూసినం గని తిన్నది చూడలే.

"మరి అందరికీ ఎందుకు వండేటోడు?" అన్న.

"బహ్రెయిన్ పోయొచ్చినోన్ని ఏం తెచ్చినవ్, ఏం తెచ్చినవ్ అని అడుగుడాయె. చేతుల ఉన్నది ఆ ఒక్క వంట. అది కూడ నాకు వద్దు అంటే, మరి ఇన్నేండ్లు ఏడ సచ్చినవ్ రా అని అడగరా?" అన్నది.

మామ పోయిననాడు నాకు ఏడుపు రాలే. కాష్ఠం కాడ రాలే. చేను గట్టు మీద, ఆ మాటకు వచ్చింది. అత్త నా ఈపు మీద ఒక్కటి కొట్టి, నడువు, చూస్తరు అన్నది.

ఇగ నిన్న పొద్దుమీకి ఎల్లారెడ్డికి ఫోన్ చేసిన. సామన్ వస్తుందట అత్తా అన్న. రానియ్యి అన్నది. రమేశ్‌కు ఇప్పుడన్న చెప్దామా అన్న. "ఏం చెప్తవ్? వాని బాపు బహ్రెయిన్‌ల సామన్ తిని దర్జాగ బతికిండని వాడు నలుగురికి చెప్పుకుంటున్నడు. చెప్పుకోనియ్యి. నువ్వు చేసేది నువ్వు చెయ్యి, నేను చేసేది నేను చేస్త," అన్నది. చింతపండు కొత్తది వచ్చిందట, పులుపు బాగున్నదట.

ఫోన్ పెట్టేస్తదేమో అనుకున్న. పెట్టలే.

"ఇగో, ఈసారి ఒక ముక్క నాకు తీసి పెట్టు," అన్నది.

నీకెందుకత్తా అన్న.

"తింట. ఎట్లున్నది, ఎట్లున్నది అని అడిగి అడిగి పాయె. అందరు చెప్పిరి. నేనొక్కదాన్ని చెప్పకపోతిని."

సరే అత్తా అన్న. ఫోన్ పక్కకు పెట్టి, జాకిటి చంక మూడోసారి ఇప్పిన.